టెక్ సందేహాలు: హ్యాకింతోష్ కడుతున్నారా? కొటేషన్ తీసుకునేముందు ఇవి చూడండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద: సొంతంగా కట్టిన పీసీలో ఆపిల్ వారి మ్యాక్‌ఓఎస్ నడపడం. అలాంటి పీసీనే హ్యాకింతోష్ అంటారు. జవాబులకు ముందు రెండు సంగతులు. ఆపిల్ లైసెన్సు ప్రకారం మ్యాక్‌ఓఎస్‌ని ఆపిల్ కంప్యూటర్లలోనే వాడాలి. ఇలాంటి మెషీన్లు తయారుచేసి అమ్మిన సైస్టార్ అనే అమెరికా కంపెనీపై ఆపిల్ 2008లో కేసు వేసి, 2009లో గెలిచింది. రెండోది, 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ 26 టాహో ఇంటెల్ మెషీన్లకు చివరి వెర్షన్. ఈ రెండూ తెలిసే ముందుకు వెళ్ళండి.

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు: పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఆపిల్ వారి ఫైనల్ కట్ ప్రో కోసం హ్యాకింతోష్ కట్టుకోవాలని ఉంది. షాపులో 14వ తరం ఇంటెల్ ఐ5, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్‌తో కొటేషన్ ఇచ్చారు. తీసుకోవచ్చా?

వద్దు. విండోస్‌లో ప్రీమియర్‌కో ఎడియస్‌కో అయితే బాగానే ఉంటుంది గానీ, ఆర్‌టీఎక్స్ కార్డు మీద మ్యాక్‌ఓఎస్ నడవదు. స్క్రీన్ మీద బొమ్మ వస్తుంది, అంతే. గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఉండదు. విండో కదిపితే గీతలు గీతలుగా జారుతుంది, ఫైనల్ కట్ అసలు తెరుచుకోదు.

హ్యాకింతోష్‌లో పార్టు ఎంత వేగమైనదన్నది రెండో ప్రశ్న. దానికి ఆపిల్ ఎప్పుడైనా డ్రైవర్ (పార్టుని సిస్టమ్‌తో నడిపించే ప్రోగ్రామ్) రాసిందా అన్నదే మొదటి ప్రశ్న. ఆపిల్ తన ఇంటెల్ మెషీన్లలో చివరగా వాడినవి 10వ తరం ఇంటెల్ ప్రాసెసర్లు (2020 నాటి 27 అంగుళాల ఐమ్యాక్), ఏఎండీ రేడియాన్ కార్డులు (2019 మ్యాక్ ప్రో). వాటికి ఎంత దగ్గరగా ఉంటే తలనొప్పి అంత తక్కువ. కాబట్టి ముందు గ్రాఫిక్స్ కార్డు తేల్చుకోండి, మిగతావన్నీ దాని చుట్టూ పేర్చుకోవచ్చు.

ఎన్‌విడియా సంగతి ఒక్క మాటలో: పాత కెప్లర్ కార్డులు (జీటీఎక్స్ 600, 700 సిరీస్‌లో చాలావరకు) బిగ్ సర్ (మ్యాక్‌ఓఎస్ 11) దాకా, జీటీఎక్స్ 900, 1000 సిరీస్‌లు హై సియెర్రా (మ్యాక్‌ఓఎస్ 10.13) దాకా. జీటీఎక్స్ 1650 మొదలుకొని ఆర్‌టీఎక్స్‌లన్నిటికీ ఏ వెర్షన్‌లోనూ డ్రైవర్ లేదు. ఇంటెల్ ఆర్క్ కార్డులూ అంతే.

ఏఎండీలో అయితే జాగ్రత్తగా నంబరు చూసి కొనాలి. ఆర్‌ఎక్స్ 6600, 6600 ఎక్స్‌టీ కార్డులు మాంటెరీ 12.1 నుంచి పనిచేస్తాయి. 6800, 6800 ఎక్స్‌టీ, 6900 ఎక్స్‌టీ బిగ్ సర్ 11.4 నుంచి. అటూ ఇటూ పనిచేస్తున్నాయి కదా అని మధ్యలో ఉన్న 6700 ఎక్స్‌టీ కొన్నవాళ్ళు ఇరుక్కున్నారు. దాని చిప్ వేరు (నావి 22), దానికి ఆపిల్ డ్రైవర్ లేదు. నూట్‌ఆర్‌ఎక్స్ అనే బయటి కెక్స్ట్‌తో (మ్యాక్‌ఓఎస్ డ్రైవర్ ఫైలు) నడిపించేవాళ్ళున్నారు గానీ, కస్టమర్‌కి గడువు చెప్పి పనిచేసే మెషీన్‌లో ఆ ప్రయోగం వద్దు. 6400, 6500 ఎక్స్‌టీ, 7000 సిరీస్ మొత్తం పనికిరావు. 6650 ఎక్స్‌టీ మాత్రం డివైస్ ఐడీ (కార్డు గుర్తింపు సంఖ్య) మార్చి 6600గా చూపిస్తే నడుస్తుంది.

మీ పనికి 6600 చాలు. 132 వాట్ల కార్డు, ఒక 8 పిన్ పవర్ కనెక్టర్. మంచి కంపెనీ 500 వాట్ల పవర్ సప్లై సరిపోతుంది, 750 అంటగడితే తీసుకోకండి. ఓపెన్‌కోర్ (పీసీలో మ్యాక్‌ఓఎస్‌ని మొదలుపెట్టే బూట్‌లోడర్) కాన్ఫిగ్ ఫైల్లో బూట్ ఆర్గ్యుమెంట్ల దగ్గర ‘ఏజీడీపీమాడ్=పికెరా’ (ఇంగ్లిష్ అక్షరాల్లో, చిన్నబడిలో: agdpmod=pikera) చేర్చడం మరచిపోవద్దు. నావి చిప్ ఉన్న (6600 లాంటి) కార్డుల్లో ఆపిల్ లోగో, గీత అన్నీ సవ్యంగా నడిచి, లాగిన్ దగ్గరికి వచ్చేసరికి స్క్రీన్ నల్లబడిందంటే పదికి తొమ్మిదిసార్లు కారణం ఇదే.

సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి చోట్ల సెకండ్‌హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 చవకగా దొరుకుతుంది. పనిచేసే కార్డే. రెండు చూసుకోండి. పెట్టె మీద 2048ఎస్‌పీ అని ఉంటే అది పేరుకే 580, లోపల 570తో సమానం (అసలు 580లో 2304 స్ట్రీమ్ ప్రాసెసర్లుంటాయి). క్రిప్టో మైనింగ్‌లో వాడిన కార్డుల్లో బయోస్ (కార్డు లోపలే ఉండే ప్రోగ్రామ్) చాలాసార్లు మార్చేసి ఉంటుంది. విండోస్‌లో బాగానే నడిచి మ్యాక్‌లో నల్ల స్క్రీన్ ఇస్తాయి. కార్డు అంచున బయోస్ మార్చే చిన్న స్విచ్ ఉన్న మోడల్ అయితే రెండో వైపు తిప్పి చూడండి, ఒక్కోసారి అసలు బయోస్ అక్కడ చెక్కుచెదరకుండా ఉంటుంది.

ప్రాసెసర్‌కి వద్దాం. 14వ తరం ఐ5 నడవదని కాదు. ప్రాసెసర్ గుర్తింపును 10వ తరంగా మార్చి చూపించాలి, మోడల్‌ని మ్యాక్‌ప్రో 7,1గా (అంటే 2019 మ్యాక్ ప్రో) పెట్టాలి, లోపలి గ్రాఫిక్స్ ఎలాగూ పనిచేయదు. పెద్ద కోర్లు, చిన్న కోర్ల మధ్య పని పంచడం ఇంటెల్ మ్యాక్‌ఓఎస్‌కి తెలియదు. ఇంత చేసి మిగిలేది కొంత వేగం. దాని బదులు ఐ5-10400 లేదా ఐ7-10700 తీసుకోండి. చివర ఎఫ్ అక్షరం లేనిదే అడగండి. ఎఫ్ ఉంటే లోపలి గ్రాఫిక్స్ (యూహెచ్‌డీ 630) ఉండదు, కార్డుకి ఏదైనా అయిన రోజు మెషీన్ మొత్తం ఆగిపోతుంది. బోర్డు బీ460, హెచ్470, జెడ్490 ఏదైనా ఫర్వాలేదు. జెడ్490ల్లో కొన్నిటికి ఇంటెల్ ఐ225-వీ అనే 2.5 గిగాబిట్ నెట్‌వర్క్ చిప్ ఉంటుంది, అది సతాయిస్తుంది. ఇంటెల్ ఐ219-వీ లేదా రియల్‌టెక్ 8111 ఉన్న బోర్డు తీసుకుంటే చిన్న కెక్స్ట్‌తో పనైపోతుంది. ర్యామ్ ఏ కంపెనీదైనా ఒకటే. 16 జీబీవి రెండు వేసుకోండి.

ఎస్‌ఎస్‌డీ దగ్గర చాలామంది అజాగ్రత్తగా ఉంటారు. శాంసంగ్ పీఎం981 (పాత లాప్‌టాప్‌ల నుంచి ఊడదీసి అమ్ముతుంటారు), మైక్రాన్ 2200ఎస్ ఉంటే మధ్యమధ్యలో కెర్నెల్ ప్యానిక్ (సిస్టమ్ ఒక్కసారిగా కుప్పకూలడం) వచ్చి రీస్టార్ట్ అవుతుంది. శాంసంగ్ 970 ఈవో ప్లస్ లాంటివి నడుస్తాయి గానీ, మాంటెరీ నుంచి ట్రిమ్ (ఖాళీ అయిన చోట్లను ఎస్‌ఎస్‌డీకి తెలిపే పని) నెమ్మదించి బూట్ బాగా ఆలస్యమవుతుంది. డబ్ల్యూడీ ఎస్‌ఎన్550, ఎస్‌ఎన్750, ఎస్‌ఎన్770ల్లో ఏదైనా నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

ఇంత చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పాలి. 2024 నవంబరులో ఎం4 మ్యాక్ మినీ 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీతో 59,900 రూపాయలకు వచ్చింది. ప్రోరెస్ (ఆపిల్ వీడియో ఫార్మాట్) వీడియోకి అందులో ప్రత్యేక హార్డ్‌వేర్ ఉంది, మీరు కట్టే మెషీన్‌లో ఉండదు. అన్నీ కొత్తగా కొనేట్టయితే మినీ కొని, ఫుటేజీకి బయట ఒక ఎస్‌ఎస్‌డీ తగిలించుకోండి. 10వ తరం పీసీ ఇప్పటికే చేతిలో ఉండి, ఒక్క కార్డు మాత్రమే కొనాల్సిన వాళ్ళకే హ్యాకింతోష్ గిట్టుబాటు.

కాకినాడ నుంచి: ఐ5-10400, హెచ్410 బోర్డు ఉన్న ఆఫీసు పీసీ. వేరే కార్డు లేదు. ఇన్‌స్టాల్ మొదలుపెట్టగానే అక్షరాలు పరిగెత్తి, తర్వాత ‘నో సిగ్నల్’ అని వస్తోంది. పాత 19 అంగుళాల మానిటర్.

మానిటర్‌ని వీజీఏ కేబుల్‌తో కలిపి ఉంటారు. 6వ తరం నుంచి ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో వీజీఏ పోర్టుకి మ్యాక్‌ఓఎస్ సిగ్నల్ ఇవ్వదు. బయోస్ తెర, ఓపెన్‌కోర్ మెనూ కనిపిస్తాయి, సిస్టమ్ డ్రైవర్ లోడ్ అయిన క్షణం నుంచి ఏమీ కనిపించదు. బోర్డు మీద ఉన్న హెచ్‌డీఎంఐ నుంచి తీసుకోండి. మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ పెట్టండి, సిగ్నల్ బోర్డు నుంచి హెచ్‌డీఎంఐగానే బయటికి వస్తుంది కాబట్టి నడుస్తుంది.

హెచ్‌డీఎంఐలోనూ నల్లగానే ఉంటే బయోస్‌లో డీవీఎంటీ ప్రీ-అలొకేటెడ్ (లోపలి గ్రాఫిక్స్‌కి ముందే కేటాయించే మెమరీ) విలువ 64 ఎంబీ చేయండి. ఆ ఎంపిక కనిపించకపోతే వాట్‌ఎవర్‌గ్రీన్ అనే గ్రాఫిక్స్ కెక్స్ట్‌కి ఇచ్చే ఫ్రేమ్‌బఫర్ ప్యాచ్‌తో సర్దుకోవాలి. ఐజీ-ప్లాట్‌ఫాం-ఐడీలో (లోపలి గ్రాఫిక్స్‌ని ఎలా వాడాలో చెప్పే సెట్టింగు) డిస్‌ప్లే ఇచ్చే విలువ వేరు, కార్డు ఉన్నప్పుడు వాడే ‘హెడ్‌లెస్’ విలువ వేరు. నెట్‌లో ఎవరో పెట్టిన రెడీమేడ్ ఈఎఫ్‌ఐ ఫోల్డర్ (ఓపెన్‌కోర్ ఫైళ్ళుండేది) దించుకుని ఉంటే, వాళ్ళ మెషీన్‌లో కార్డు ఉండి హెడ్‌లెస్ విలువ పెట్టుకుని ఉండొచ్చు. అలాంటి ఫోల్డర్లలో వాళ్ళ సీరియల్ నంబర్లూ అలాగే ఉంటాయి. అదే నంబరుతో ఇంకొందరు ఆపిల్ ఐడీ లాగిన్ చేసి ఉంటే ఐమెసేజ్, ఫేస్‌టైమ్ దగ్గర ఇబ్బంది వస్తుంది. జెన్‌ఎస్‌ఎంబయోస్ అనే టూల్‌తో మీ సొంత నంబరు తయారుచేసుకుని, ఆపిల్ వారంటీ పేజీలో అది ‘చెల్లదు’ అని వస్తేనే వాడండి. చెల్లుతుందని వస్తే అది ఎవరిదో అసలు మ్యాక్ నంబరు.

వరంగల్ నుంచి: విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీలోనే ఖాళీ పార్టిషన్ చేసి పెట్టబోతే, డిస్క్ యుటిలిటీలో ‘స్థలం చాలదు’ అంటోంది. 200 జీబీ ఖాళీగా ఉంది!

ఆ స్థలం గురించి కాదు. డిస్క్ మొదట్లో ఉండే ఈఎఫ్‌ఐ పార్టిషన్ కనీసం 200 ఎంబీ ఉండాలని డిస్క్ యుటిలిటీ పట్టు. విండోస్ మామూలుగా 100 ఎంబీతోనే చేస్తుంది. పార్టిషన్ టూల్‌తో పెంచవచ్చు గానీ, ముందు బ్యాకప్ తీసుకోండి.

ఇంకో ఎస్‌ఎస్‌డీ కొనడమే నయం. దాన్ని మొత్తంగా చెరిపేటప్పుడు డిస్క్ యుటిలిటీ వ్యూ మెనూలో ‘షో ఆల్ డివైసెస్’ ఎంచుకుని, కింద పార్టిషన్ మీద కాక పైన డ్రైవ్ పేరు మీద క్లిక్ చేసి, ఏపీఎఫ్‌ఎస్, జీయూఐడీ పార్టిషన్ మ్యాప్‌గా ఫార్మాట్ చేయండి. విండోస్ డ్రైవ్‌ని ఆ పూటకి ఊడదీసి పక్కన పెడితే పొరపాటుకి తావుండదు. ఇన్‌స్టాల్ మధ్యలో మెషీన్ కొన్నిసార్లు రీస్టార్ట్ అవుతుంది. ప్రతిసారీ ఓపెన్‌కోర్ మెనూలో పెన్‌డ్రైవ్‌ని కాక ‘మ్యాక్‌ఓఎస్ ఇన్‌స్టాలర్’ అన్నదాన్ని ఎంచుకోవాలి. పెన్‌డ్రైవ్‌నే ఎంచుకుంటూ పోతే మొదటికే వస్తుంటుంది.

హైదరాబాద్ కూకట్‌పల్లి నుంచి ఒక బీటెక్ విద్యార్థి: రైజెన్ 5 5600జీ ఉంది. ఎక్స్‌కోడ్, ఆండ్రాయిడ్ స్టూడియో రెండూ కావాలి.

ఎక్స్‌కోడ్ (ఆపిల్ పరికరాలకు యాప్‌లు రాసే టూల్) వరకైతే ప్రయత్నించవచ్చు. రైజెన్‌కి కెర్నెల్ ప్యాచ్‌లు (సిస్టమ్ మూలభాగానికి చిన్న మార్పులు) వేయాలి, వాటిలో కోర్ల సంఖ్య మీరే నింపాలి. మీది 6 కోర్లది కాబట్టి 06. థ్రెడ్లు 12 కదా అని 0సీ (హెక్సాడెసిమల్‌లో 12) రాస్తే తప్పు. 2025లో వచ్చిన ఎక్స్‌కోడ్ 26 మొదటి వెర్షన్‌కి కనీసం మ్యాక్‌ఓఎస్ సెక్వోయా 15.6 కావాలి, మ్యాక్‌ఓఎస్ వెర్షన్ దాన్నిబట్టి ఎంచుకోండి. 5600జీలోని వేగా గ్రాఫిక్స్‌కి నూటెడ్‌రెడ్ అనే కెక్స్ట్ ఉంది గానీ అది ఇంకా ప్రయోగ దశే. ఆర్‌ఎక్స్ 580 అయినా ఒకటి పెట్టుకుంటే మేలు.

ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ మాత్రం పనిచేయదు. అది ఆపిల్ హైపర్‌వైజర్ (కంప్యూటర్‌లో మరో కంప్యూటర్‌ని నడిపే సౌకర్యం) మీద ఆధారపడుతుంది, ఏఎండీ ప్రాసెసర్ల మీద అది పనిచేయదు. డాకర్ (ప్రోగ్రామ్‌లను విడివిడి కంటెయినర్లలో నడిపే టూల్) కూడా ఇదే కథ. కేబుల్‌తో అసలు ఫోన్ తగిలించి టెస్ట్ చేసుకోండి, లేదా ఆండ్రాయిడ్ పని విండోస్‌లో, ఐఓఎస్ పని మ్యాక్‌లో పెట్టుకోండి.

నెల్లూరు నుంచి: వైఫై కార్డు ఏది కొనాలి? ఎయిర్‌డ్రాప్ కావాలి.

ఎయిర్‌డ్రాప్ (ఆపిల్ పరికరాల మధ్య వైరు లేకుండా ఫైళ్ళు పంపే సౌకర్యం) కావాలంటే బ్రాడ్‌కామ్ బీసీఎం94360 చిప్ ఉన్నది, ఉదాహరణకు ఫెన్వీ టీ919. వెంచురా 13 వరకు పెట్టగానే పనిచేస్తుంది. సోనోమా 14లో ఆపిల్ ఆ డ్రైవర్ తీసేసింది. సోనోమా, సెక్వోయాల్లో ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్‌తో సిస్టమ్‌ని మార్చాలి, భద్రతా రక్షణను కొంత సడలించాలి, అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్ళీ ప్యాచ్ చేయాలి. ఇంటర్నెట్ మాత్రమే చాలనుకుంటే ఇంటెల్ ఏఎక్స్200 లేదా ఏఎక్స్210 కొని ఐటీఎల్‌డబ్ల్యూఎం కెక్స్ట్, హీలీపోర్ట్ యాప్‌తో వాడుకోండి, ఎయిర్‌డ్రాప్ రాదు. రియల్‌టెక్ వైఫై కార్డుల జోలికి వెళ్ళకండి.

ఫెన్వీ కార్డులో బ్లూటూత్ యూఎస్‌బీ మీద నడుస్తుంది. బోర్డు మీద యూఎస్‌బీ 2.0 హెడర్‌కి (పిన్నుల వరుస) దాని వైరు కలపాలి. మ్యాక్‌ఓఎస్ ఒక్కో యూఎస్‌బీ కంట్రోలర్‌కి 15 పోర్టులకు మించి ఒప్పుకోదు. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు ఒక్కోటి రెండుగా లెక్క. యూఎస్‌బీటూల్‌బాక్స్‌తో మ్యాప్ చేసేటప్పుడు (ఏ పోర్టులు వాడాలో ఎంచేటప్పుడు) ఈ హెడర్‌ని వదిలేస్తే బ్లూటూత్ కనిపించదు, నిద్ర నుంచి లేచాక కీబోర్డు పనిచేయకపోవడం లాంటివీ మ్యాపింగ్ లోపాలే.

కర్నూలు నుంచి: సెక్వోయాలో అన్నీ బాగున్నాయి. టాహోకి అప్‌డేట్ చేశాక సౌండ్ లేదు. ఆపిల్‌ఏఎల్‌సీలో లేఅవుట్ ఐడీలన్నీ మార్చి చూశాను.

ఐడీలు మార్చి లాభం లేదు. ఆపిల్‌ఏఎల్‌సీ చేసేదల్లా ఆపిల్ సొంత ఆడియో డ్రైవర్ ఆపిల్‌హెచ్‌డీఏకి మీ బోర్డు చిప్‌ని పరిచయం చేయడమే. టాహోలో ఆ డ్రైవర్‌నే తీసేశారు. దాన్ని రూట్ ప్యాచ్‌తో (సిస్టమ్ ఫైళ్ళనే మార్చడం) తిరిగి పెట్టవచ్చు గానీ, ప్రతి అప్‌డేట్ తర్వాత మళ్ళీ అదే పని. యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ ఒకటి తగిలిస్తే ఏ కెక్స్ట్ లేకుండా వినిపిస్తుంది.

అసలు టాహో అవసరం లేకపోతే సెక్వోయాకి వెనక్కి రండి. నేరుగా దిగడం కుదరదు: డేటా బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకుని, డ్రైవ్ చెరిపి, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి. టాహోలో తీసిన టైమ్ మెషీన్ (మ్యాక్‌ఓఎస్ బ్యాకప్ టూల్) బ్యాకప్ నుంచి మొత్తం సిస్టమ్‌ని సెక్వోయాలోకి తెచ్చుకునే ఆలోచన పెట్టుకోకండి, ఫైళ్ళను విడిగా కాపీ చేసుకోండి.