అమెరికన్ సినిమా ‘వాండా’లో హీరోయిన్ ఏమీ చేయదు కదా, ఫెమినిస్టు క్లాసిక్ ఎలా అయింది?

మీ అనుమానం సబబే. పిల్లల్ని వదిలేసి, ఎవడు రమ్మంటే వాడి వెంట పోయే మనిషి కథలో ఫెమినిజం ఏముందని మా ఇంట్లోనూ వాదన జరిగింది. మా అక్కయితే “ఈవిడకి నోరు లేదా?” అంటూ సగంలోనే లేచిపోయింది. 1970లో వచ్చినప్పుడు కొందరు ఫెమినిస్టులకే ఈ సినిమా నచ్చలేదు.

నన్ను మాత్రం మొదట్లోనే పట్టేసింది. నేను గోదావరిఖనిలో పెరిగాను, అదీ ఒక కారణం కావచ్చు. పెన్సిల్వేనియా బొగ్గు ప్రాంతంలో, నల్లటి దిబ్బల మధ్య తెల్లబట్టల్లో చుక్కంత మనిషి నడుస్తూ ఉంటుంది. నడుస్తూనే ఉంటుంది. ఓసీపీ (ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని) గుట్టల పక్కన నడిచినవాళ్లకు ఆ దూరం ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత కోర్టు సీను. విడాకుల కేసుకు ఆలస్యంగా, తలకు కర్లర్లతోనే వస్తుంది. పిల్లలు ఆయన దగ్గరుంటేనే నయమని చెప్పేసి ఊరుకుంటుంది. ఏడుపూ లేదు, సంజాయిషీ లేదు. మన సినిమాల్లో అయితే ఇక్కడో ఫ్లాష్‌బ్యాక్ పడేది, ఆమెను క్షమించడానికి మనకో కారణం దొరికేది. దర్శకురాలు బార్బరా లోడెన్ ఆ కారణం ఇవ్వదు. మంచిదైతేనే ఆడదాని బాధ చూస్తామన్న షరతును ఆమె ఒప్పుకోలేదు. నా లెక్కలో ఫెమినిజం అదే.

ఫ్యాక్టరీలో చెయ్యి నిదానమని పనివ్వరు. ఒకడు ఐస్‌క్రీమ్ కొట్టు దగ్గర దింపేసి కారెక్కి పోతాడు. చివరికి డెనిస్ అనే దొంగకు తోడవుతుంది. వాడు ప్యాంట్లు వేసుకోవద్దంటే అదీ వింటుంది.

రాసింది, తీసింది, వాండాగా నటించింది లోడెనే. బ్యాంకు దోపిడీ కేసులో 20 ఏళ్ల శిక్ష వేసిన జడ్జికి ఒకామె థాంక్స్ చెప్పిందన్న పేపరు వార్త దీనికి మూలం. వెనిస్‌లో విమర్శకుల బహుమతి వచ్చినా అమెరికాలో రిలీజు పేరుకే. లోకానికి లోడెన్ అంటే పేరున్న దర్శకుడు ఎలియా కజాన్ భార్య, అంతే. మరో ఫీచర్ సినిమా తీయకుండానే 1980లో, 48 ఏళ్లకు, క్యాన్సర్‌తో పోయింది. ఫ్రాన్స్‌లో రచయిత్రి మార్గరిట్ డ్యూరాస్ మెచ్చుకుంది, నటి ఇసబెల్ హుపెర్ పూనుకుని డీవీడీ విడుదల చేయించింది. మూతపడుతున్న ల్యాబులో దొరికిన అసలు రీళ్లతో అమెరికాలోని యూసీఎల్ఏ యూనివర్సిటీ ఫిల్మ్ ఆర్కైవ్ 2010లో సినిమాను బాగుచేసింది.

చూస్తే ఆ ప్రింటే చూడండి. బొమ్మ గరుకుగా ఉందని కంగారుపడకండి, 16 ఎంఎం ఫిల్మ్ తీరే అంత. క్లైమాక్సులో తిరగబడుతుందని మాత్రం ఎదురుచూడొద్దు.