సినిమా చరిత్ర రాస్తానంటున్న అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి బీఏ రెండో ఏడాది చదువుతోంది. సినిమా జర్నలిస్టునవుతాను, పాత సినిమాల చరిత్ర రాస్తాను అంటోంది. దీన్ని నమ్ముకుంటే బతుకు గడుస్తుందా? మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ అమ్మాయి చెబుతున్నవి రెండు పనులండీ. సినిమా జర్నలిజంలో ఉద్యోగాలున్నాయి. సినిమా చరిత్ర రాసినందుకు నెలనెలా జీతమిచ్చేవాళ్లు మాత్రం మన దగ్గర దాదాపు లేరు. కాబట్టి ముందు ఉద్యోగం, దాన్ని ఆనుకుని చరిత్ర. ఈ వరస తప్పితేనే ఇబ్బంది.

అలాగని చరిత్ర పనిని కాలక్షేపమనుకోకండి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఏళ్ల తరబడి ఒకరిని చూసి ఒకరు రాస్తూ వచ్చారు. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సార్ వివరాలు తవ్వి తీశారు. చూస్తే ఆ సినిమా సెన్సారైందే 1932 జనవరి 22న! సెన్సార్ కాకముందే హాల్లోకి ఎలా వస్తుంది? బొంబాయి కృష్ణా సినిమా థియేటర్లో ఫిబ్రవరి 6న విడుదలైందని ఆయన ఆధారాలతో తేల్చారు. మీ అమ్మాయి ఇష్టపడుతున్నది ఇలాంటి పనినే అయితే నాకు చాలా సంతోషం.

కానీ దీనికి ఓపిక కావాలి. పాత పాటల పుస్తకం చేతికొస్తే అందులో నటీనటుల పేర్లు, కథాసంగ్రహం, పాటలు ఉంటాయి. విడుదల తేదీ చాలాసార్లు ఉండదు. దానికోసం దినపత్రికల ఫైళ్లలో ‘నేటి నుండి’ అన్న ప్రకటన దొరికేదాకా పేజీలు తిప్పాలి. కాగితం ముట్టుకుంటే పొడి రాలుతుంది. తారల కబుర్ల మీదే మక్కువ ఉన్నవాళ్లు ఇక్కడ గంటసేపు కూర్చోలేరు.

డిగ్రీ ఆపనివ్వకండి. తర్వాత పీజీ జర్నలిజం గానీ, పెద్ద పత్రికలు నడిపే జర్నలిజం స్కూలు గానీ చాలు. తెలుగుతో పాటు ఇంగ్లిష్ కూడా తప్పులు లేకుండా రాయడం రావాలి. ఉద్యోగంలో మొదటి రెండేళ్లు సినిమా పేజీ కాకుండా జనరల్ డెస్కులోనో, రిపోర్టింగులోనో చేయడం మంచిదని నా గట్టి అభిప్రాయం. సినిమా వార్తలు చూసే బీటులో, సినిమాలకు ప్రచారం చేసిపెట్టే పీఆర్వోలు పంపే మేటరే వార్తగా వెళ్లిపోయే ప్రమాదం ఎక్కువ. అడిగి, సరిచూసి రాసే అలవాటు ముందే పడితే అక్కడ నిలబడగలదు. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, మీ ఆసరా కొన్నాళ్లు అవసరమవుతుంది. యూట్యూబ్ థంబ్‌నెయిల్ గాసిప్పులతో త్వరగా డబ్బొస్తుందని ఎవరైనా చెబితే వినొద్దు. ఒకసారి పోయిన నమ్మకం మళ్లీ రాదు.

పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే ఫిల్మ్ అప్రిసియేషన్ (సినిమాను అర్థం చేసుకుని చూడటం నేర్పే) కోర్సు చిన్నదే, వీలు చూసుకుని చేయించండి. పాత సినిమాల్ని భద్రపరచడానికి 1964లో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ కూడా ఆ ఊళ్లోనే ఉంది.

ఈ సెలవుల్లో తెనాలి సినిమా హాళ్ల చరిత్ర రాయమనండి. పాత ఆపరేటర్లు, బుకింగ్ గుమాస్తాలు ఎవరైనా ఉంటే వెతికి మాట్లాడాలి. వాళ్లు చెప్పిన తేదీల్ని పత్రికలతో సరిచూడాలి. చీరాల వైపు రైలెక్కితే వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉంది, పాత పత్రికలకు పేరున్న లైబ్రరీ. ముందుగా కబురు చేసి వెళ్లండి. మొదటిసారి మీరూ తోడు వెళ్లి, రోజంతా ఆమె ఎలా పనిచేస్తోందో చూడండి.