భర్త దగ్గరికి వెళ్లే వీసాకు నానక్‌రామ్‌గూడలో దరఖాస్తు పెట్టవచ్చా?

మీ భర్త అమెరికా పౌరుడు, పెళ్లయి ఆరు నెలలు. మీ ఇల్లు హైదరాబాద్ గచ్చిబౌలిలో, నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు కూతవేటు దూరంలో. అక్కడే దరఖాస్తు పెట్టవచ్చా, పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవాలా, రెండు నెలల్లో పని అయిపోతుందంటున్న కన్సల్టెన్సీని నమ్మవచ్చా అని అడిగారు. చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: నమ్మవద్దు.

నానక్‌రామ్‌గూడలో ఇచ్చేవి విద్యార్థి, ఉద్యోగ, సందర్శక వీసాల వంటివి. భార్యాభర్తల వలస వీసాకు ఇంటర్వ్యూ ముంబయిలో, బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని కాన్సులేట్‌లో జరుగుతుంది. పైగా మొదటి అడుగు మీది కాదు, మీ ఆయనది. ఆయన అక్కడి పౌరసత్వ, వలస సేవల శాఖకు ఐ-130 అనే అర్జీ పెట్టాలి. 2024 ఏప్రిల్ నుంచి దానికి ఆన్‌లైన్‌లో అయితే 625 డాలర్లు, కాగితాల మీద అయితే 675. అది ఆమోదం పొందాక ఫైలు జాతీయ వీసా కేంద్రానికి చేరుతుంది. అప్పుడు 325, 120 డాలర్ల చొప్పున రెండు రుసుములు కట్టి, మీరు డీఎస్-260 అనే వలస వీసా దరఖాస్తు, ఆయన మీ పోషణకు పూచీ ఇచ్చే ఐ-864 పత్రం నింపాలి. ఇదంతా రెండు నెలల్లో చేయిస్తామనేవాళ్లు మీ డబ్బుతో రెండు నెలలు గడుపుతారు, అంతే.

నేనూ ఈ దారిలోనే వచ్చాను. కాకపోతే మా ఇంట్లో కథ తిరగబడింది: పౌరసత్వం నా భార్యది, ఎదురుచూపులు నావి. 2022 ఫిబ్రవరిలో పెళ్లయితే 2024 జనవరిలో ఇంటర్వ్యూ. ఆ ఇరవై మూడు నెలలూ మల్కాజిగిరిలో మా వీధివాళ్లకు నేను ‘ఇల్లరికపు అల్లుడి’ని. పాలప్యాకెట్ కోసం బయటికి వెళ్లినా "ఇంకా వెళ్లలేదా?" అన్న ప్రశ్నే.

ఆ నెలల్లో కొన్ని నా చేజేతులా పోగొట్టుకున్నవే. నా జనన ధ్రువపత్రంలో అమ్మ పేరు, నాన్న పేరు, తేదీ అన్నీ ఉన్నాయి. బిడ్డ పేరు రాయాల్సిన గడిలో మాత్రం ఒక అడ్డగీత. అమ్మను అడిగితే "ఇరవై ఒకటో రోజున బారసాల చేశాం, ఆసుపత్రిలో పేరెక్కడిది?" అంది. ఆమె మాట నిజమే, కానీ వీసా కేంద్రానికి బారసాల తెలియదు కదా! ఆ పత్రం చాలదని తిప్పి పంపారు. పదో తరగతి మెమో, అమ్మానాన్నల ప్రమాణపత్రాలు జతచేసి మళ్లీ పంపితే అంగీకరించారు. ఈలోగా ఫైలు మళ్లీ వరుస చివరికి వెళ్లింది. మీ జనన పత్రం ఈరోజే బీరువాలోంచి తీసి చూడండి.

ఇంటిపేరు సంగతి. భర్త ఇంటిపేరు పెట్టుకోవాలన్న నియమం లేదు. పెట్టుకోవాలనే ఉంటే అర్జీ పెట్టకముందే పాస్‌పోర్టు మార్పించుకోండి, మధ్యలో మారిస్తే ఒక్కో కాగితంలో ఒక్కో మనిషిలా కనిపిస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి అసలు ఖాళీగా ఉంటే మాత్రం తప్పక సరిచేయించుకోండి. లేకపోతే వీసాలో మీ పేరు ఇంటిపేరు స్థానానికి జరిగి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అన్న అక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదని వాటి అర్థం. మా సహోద్యోగి ఒకాయనను బ్యాంకులో ఇప్పటికీ ఆ మూడక్షరాలతోనే పిలుస్తారు.

గుడిలో ఇచ్చిన రసీదుతోనో, ఆర్యసమాజ్ పత్రంతోనో సరిపెట్టుకోకుండా సబ్ రిజిస్ట్రార్ దగ్గర పెళ్లి నమోదు చేయించండి. పోలీసు క్లియరెన్స్‌కు పాస్‌పోర్టు సేవా కేంద్రంలో అర్జీ పెట్టాలి, 500 రూపాయలు. పదహారేళ్లు నిండాక వేరే దేశంలో ఏడాది, అంతకు మించి ఉండి ఉంటే ఆ దేశపు పోలీసు పత్రమూ కావాలి. వైద్య పరీక్ష కాన్సులేట్ జాబితాలోని వైద్యుల దగ్గరే చేయించుకోవాలి.

మీ ఆయన ఆదాయం అక్కడి దారిద్య్ర రేఖ లెక్కకు కనీసం 125 శాతం ఉండాలి. ఐ-864 మీద ఆయన చేసే సంతకం ఉత్త లాంఛనం కాదు. మీరు పౌరురాలయ్యే దాకానో, మీ పేరిట సుమారు పదేళ్ల పని లెక్కలో పడే దాకానో మీ పోషణకు ఆయనది పూచీ. విడాకులైనా ఆ పూచీ తీరదు. ఈ ముక్క విన్నాక మా మామగారు నన్ను కొత్తగా చూడడం మొదలుపెట్టారు.

ఇంటర్వ్యూకు నేను పెళ్లి ఆల్బమ్ మొత్తం మోసుకెళ్లాను. మన ఫొటోగ్రాఫర్ల సంగతి తెలిసిందేగా, సగం పేజీల్లో మేమిద్దరం మంచు కొండల ముందు నిలబడి ఉంటాం. అద్దం అవతలి అధికారిణి వాటిని చకచకా తిప్పేసి, జీలకర్ర బెల్లం ఫొటో దగ్గర ఆగి, తల మీద ఆ ముద్ద ఏమిటని అడిగారు. చెప్పాను. వెనక నిలబడ్డవాళ్లు ఎవరెవరని అడిగితే, మేనమామ మొదలుకొని గొడుగు పట్టిన బావమరిది దాకా చెప్పుకొచ్చాను. అందుకే ఇరువైపుల బంధువులు కనిపించే ఫొటోలు ఒక ఇరవై చిన్న సైజులో కడిగించుకోండి, కొండలు ఇంట్లోనే ఉండనివ్వండి.

మీకు పనికొచ్చే ఇంకో లెక్క ఉంది. అమెరికాలో దిగే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే షరతులతో కూడిన రెండేళ్ల గ్రీన్ కార్డే ఇస్తారు. దాని గడువు తీరే ముందు తొంభై రోజుల్లో, షరతులు తీసేయమని కోరే ఐ-751 అర్జీ పెట్టి, మళ్లీ రుజువులన్నీ చూపాలి. రెండేళ్లు నిండితే నేరుగా పదేళ్ల కార్డు. చూసేది దిగిన తేదీనే, వీసా ఇచ్చిన తేదీని కాదు. నా వీసా మీద సీఆర్1 అని ఉంది, అంటే షరతులతో కూడిన రకం, రెండేళ్లు నిండడానికి అయిదు వారాల దూరం. వీసా గడువు చూసుకుని ఫిబ్రవరి చివరి వారానికి టికెట్ కొన్నాను. విమానాశ్రయంలో పెళ్లి పత్రం చూపించి తేదీ చెబితే, అధికారి లెక్క చూసుకుని షరతులు లేని ఐఆర్1గా మార్చారు. వీసా చేతిలో పెట్టుకుని ఇంకా ఊళ్లోనే తిరుగుతున్నానని ఆ అయిదు వారాలూ మా వీధిలో ఏమనుకున్నారో మాత్రం అడగకండి.