బరోక్ గిటార్ కొనమంటోంది, కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. క్లాసికల్ గిటార్‌లో ట్రినిటీ గ్రేడ్ 6 పాసైంది. పాత సంగీతం పోకడలో ఈ కాలపు స్వరకర్త ఒకరు బరోక్ గిటార్‌కి (పదిహేడో శతాబ్దం నాటి యూరప్ గిటార్) రాసిన సోలో నేర్చుకుంటానని, ఆ వాద్యం కొనమని పట్టుబడుతోంది. దీంట్లో భవిష్యత్తు ఉందా? - ఒక తండ్రి, విజయవాడ

జవాబు: ఇప్పుడే కొనకండి. ఆ రుచి తనకి నిజంగా పట్టిందో లేదో ఇప్పుడున్న గిటార్ మీదే తేల్చుకోవచ్చు.

బరోక్ గిటార్‌కి తీగలు ఐదు జతలు. మొదటిది చాలాసార్లు ఒంటి తీగే. స్పెయిన్ గిటారిస్టు గాస్పర్ సాంజ్ 1674లో జరగోజాలో అచ్చు వేయించిన పుస్తకంలో మెచ్చుకున్న శ్రుతిలో నాలుగు, ఐదు జతలకి మంద్రం తీగలు ఉండవు. కాబట్టి అన్నిటికన్నా కింది స్వరం మూడో జతది! అందుకే ఒక్కో స్వరం ఒక్కో జత మీద పడి, గంటల్లా ఒకదానిలో ఒకటి కలిసి మోగుతుంది. మామూలు గిటార్ మీద అవే మెట్లు నొక్కితే సగం స్వరాలు ఒక స్థాయి కిందికి పడిపోయి రాగం ముక్కలవుతుంది.

ఇంట్లో ఇలా చేయండి. ఆరో తీగ తీసేయండి. ఐదో తీగ చోట విడి సెట్‌లోని రెండో తీగ వేసి, ‘బి’ నుంచి ‘ఎ’కి దించండి. నాలుగో తీగ చోట మొదటి తీగ వేసి, ‘ఇ’ నుంచి ‘డి’కి దించండి. సన్న తీగ నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో వదులై జుయ్‌మంటుంది. గాడిలో చిన్న కాగితం మడత పెడితే సరి. ముందు స్కోరులో ఏ శ్రుతి అడిగారో చూసుకోవాలి. ఫ్రెంచి పద్ధతైతే నాలుగో తీగ మార్చక్కర్లేదు.

టాబ్లేచర్ (ఏ జత మీద ఏ మెట్టు నొక్కాలో చూపే రాత) దగ్గర చాలామంది బోల్తా పడతారు. ఫ్రెంచివాళ్ల అక్షరాల టాబ్‌లో పై గీత మొదటి జత. సాంజ్, ఇటాలియన్ల అంకెల టాబ్‌లో పై గీత ఐదో జత.

ఇక బతుకుతెరువు. సోలో బరోక్ గిటార్ ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవదు. యూరప్‌లో పని దొరికేది బృందాల్లో, ఒపెరాల్లో కంటిన్యువో (మంద్రం స్వరాలతో సాగే తోడు వాద్యం) వాయించేవాళ్లకి. వాళ్లు ల్యూట్, థియోర్బో లాంటి పాత తీగ వాద్యాలు కూడా పట్టుకుంటారు, ఫిగర్డ్ బాస్ (అంకెలు వేసిన మంద్రం స్వరాల వరస) చూసి అక్కడికక్కడే వాయిస్తారు. ఇది రాకుండా సోలోలు ఎన్ని వచ్చినా పిలుపు రాదు. కాబట్టి ఇక్కడ ఏదో ఒక డిగ్రీలో చేర్పించండి. పక్కన గ్రేడ్ 8, హార్మనీ, ఫిగర్డ్ బాస్ సాగాలి. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లో బాసెల్‌లోని స్కోలా కాంటోరమ్, నెదర్లాండ్స్‌లో హేగ్‌లోని రాయల్ కన్సర్వేటరీ లాంటి సంగీత విద్యాలయాలకి దరఖాస్తు చేయవచ్చు. బాసెల్‌లో బస, భోజనం ఖర్చు బాగా ఎక్కువ, అది ముందే లెక్కేసుకోండి.

ఆడిషన్‌కి ఈ కొత్త సోలో ఒక్కటే పట్టుకెళ్తే పునాది లేదనుకుంటారు. సాంజ్‌వి, ఫ్రెంచి స్వరకర్త రాబర్ట్ ద విజేవి తలా ఒకటి ముందు వాయించి, దీన్ని చివర్లో పెట్టుకోవాలి.

వాద్యం కొనే రోజు వస్తే గట్ (జంతువుల పేగుతో చేసిన) తీగల జోలికి పోవద్దు. మన కోస్తా ఉక్కకి శ్రుతి నిలవదు, తొందరగా తెగుతాయి. గట్‌లా మోగే సింథటిక్ తీగ నైల్‌గట్ చాలు. బిరడాలు చెక్కవి కాబట్టి వానాకాలం బిగుసుకుంటాయి, ఏసీ గదిలో జారిపోతాయి. పొడవాటి గోళ్లు కూడా తగ్గించుకోవాలి. గోరు జతలో ఒక్క తీగకే తగిలితే నాదం పలచబడుతుంది.