పారాకార్డ్ కొరడా: అల్లిక వదులవకుండా, మధ్యలో గడ్డలు లేవకుండా

మీరు అడిగింది ఇదీ: వీడియోలు చూసి పారాకార్డ్‌తో, అంటే లోపల దారాలు, మీద అల్లిన తొడుగు ఉండే సన్నని నైలాన్ తాడుతో, పన్నెండు పాయల కొరడా మొదలుపెట్టారు, రెండడుగులు దాటేసరికి అల్లిక వదులైపోయింది, పాయలు తగ్గించిన చోటల్లా గడ్డలు లేచాయి, విసిరితే చెళ్లుమనడం లేదు, ఎవరి దగ్గరైనా కూర్చుంటే తప్ప ఇది రాదా అని. వస్తుంది. నాకూ కొరడా అల్లడం ఎవరూ నేర్పలేదు. మాది ఒంగోలు పక్క పల్లె, మూడేళ్లుగా అల్లుతున్నాను, ఇప్పటికి తొమ్మిది పూర్తయ్యాయి, అందులో మొదటి రెండూ విప్పేసి ఆ తాడుతోనే మళ్లీ అల్లినవి.

ముందు ఆ పన్నెండు పాయలు పక్కన పెట్టేయండి. రెండు తాళ్లు మధ్యకి మడిచి కిటికీ ఊచకి కట్టుకుంటే నాలుగు పాయలు వస్తాయి, ఎడమన రెండు, కుడిన రెండు. కుడి చివరి పాయని వెనకనుంచి తీసుకెళ్లి ఎడమ రెండింటి మధ్యలోంచి పైకి తెచ్చి, ఒకదాని మీదుగా మళ్లీ కుడివైపుకే తెచ్చి లోపలి పక్కన దించాలి. తర్వాత ఎడమ చివరిది అలాగే. ఇంతే అల్లిక. జడ వేసిన చేతికి పది నిమిషాల్లో పట్టుబడుతుంది. మా అక్క నాకంటే ముందే పట్టేసింది, ఇప్పటికీ ఎనిమిది పాయల్లో ఎక్కడైనా తప్పు పడితే దూరం నుంచి చూసి చెప్పేది తనే. ఇలా నాలుగు పాయల ముక్కలు అడుగున్నర పొడవున ఓ ఐదారు అల్లండి. మొదటిదీ ఆఖరిదీ పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

అసలు విషయం బిగువు. నేను మొదట్లో బలమంతా పెట్టి లాగేవాడిని, అయినా మర్నాటికి వదులు. ఒకసారి కొత్తపట్నం బీచ్‌కి వెళ్లినప్పుడు సంచిలో సగం అల్లిన ముక్క ఉంది, అక్కడ వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయనకి చూపించాను. ఆయన దాన్ని రెండు వేళ్లతో నొక్కి, పొడవునా కాస్త కిందికి తోశాడు. అల్లిక అంతా విచ్చుకుని లోపలి తాడు కనపడింది. "అట్లా లాగమాక అబ్బయ్యా, కూర్చోబెట్టు" అన్నాడు. ఆ మాట అర్థమవడానికి నాకు నెల పట్టింది. పాయ దాటించగానే పక్కకి లాగితే అప్పటికప్పుడు బిగిసినట్టే ఉంటుంది గానీ, చేయి మార్చే ఆ అర క్షణంలో జారిపోతుంది. ఎడమ బొటనవేలి గోరుతో ఆ కూడలిని నొక్కి పట్టుకుని, పాయని పక్కకి కాకుండా కొరడా సాగే వైపుకే, అంటే కిందికి, ఒకే బలంతో లాగాలి. ఎక్కువ బలం అక్కర్లేదు, ప్రతిసారీ అదే బలం కావాలి. మీద కనపడే గడులు చూడండి, అన్నీ ఒకే సైజులో ఉంటే బిగువు కుదిరినట్టు, ఒకటి సాగి ఒకటి నొక్కుకుపోయి ఉంటే అక్కడ మీ ధ్యాస పక్కకి పోయినట్టు. ఫోన్ మోగినా సరే, ఉన్న చోట బట్టల క్లిప్పు పెట్టకుండా చేయి వదలకండి.

చిటికెన వేలు లోపలి మడత దగ్గర తాడు కోసేస్తుంది, అక్కడ ముందే ప్లాస్టర్ చుట్టుకోండి. ఎండాకాలం మా వైపు చెమటకి నైలాన్ చేతిలో నిలవదు, మధ్యాహ్నం అల్లిన అడుగుకీ తెల్లారుజామున అల్లిన అడుగుకీ బిగువులో తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, అందుకని మే నెలలో ఐదింటికే లేచి అల్లుకుంటాను.

ఇక గడ్డలు. పాయ తగ్గించాల్సిన చోటే దాన్ని కత్తిరించేస్తున్నారని మీ ఫోటో చూస్తే అనిపించింది, అదీ రెండు పాయలూ ఒకే చోట. అలా చేస్తే ఆ చోటుకి పైన లావు, కింద ఒక్కసారిగా సన్నం, మధ్యలో మెట్టు. ఎడమనుంచి ఒకటి, కుడినుంచి ఒకటి జతగా తగ్గించాలి, కానీ తీసేసిన పాయలని అల్లిక మధ్యలోకి పడుకోబెట్టి వాటి మీదుగానే మిగతావి అల్లుకుంటూ పోవాలి. ఓ జానెడు పోయాక అందులో ఒకటి కోయండి, ఇంకో నాలుగు వేళ్ల దూరంలో రెండోది. కోసే ముందు చివర లోపలి దారాలు కాస్త లాగేసి, ఉత్త తొడుగు మిగిలేలా చేస్తే కొస ఇంకా సన్నగా దిగుతుంది. చేతిలో కొరడాని కళ్లు మూసుకుని పిడినుంచి కొసదాకా వేళ్ల మధ్య జార్చండి. వేలికి ఎక్కడ మెట్టు తగిలితే విసిరినప్పుడు ఊపు అక్కడే ఆగిపోతుంది.

మోత రాకపోవడానికి కారణం కూడా చాలావరకు ఇదే. మీ చేతి ఊపు పిడి దగ్గర బరువైన తాడులో మొదలై, తాడు సన్నబడే కొద్దీ తక్కువ బరువులోకి పోతూ వేగం పెంచుకుంటుంది, చివరికి కొస శబ్దవేగాన్ని దాటుతుంది, అంటే సెకనుకి సుమారు 340 మీటర్లు. ఆ చెళ్లు అక్కడ పుట్టేదే, ఒకదానికొకటి తగిలి వచ్చేది కాదు. లోపల బోలుగా ఉన్నా ఊపు మింగేస్తుంది. నేను లోపలికి దారాలు తీసేసిన పారాకార్డ్ తొడుగులో సైకిల్ ఫ్రీవీల్‌లో వేసే చిన్న బాల్స్, 1/8 అంగుళానివి, వరసగా నింపుతాను, ఏ సైకిల్ షాపులో అడిగినా ఇస్తారు. అది వెన్ను. పిడికి పది అంగుళాల ఇనప చువ్వ. రెండింటినీ కలిపిన చోట గట్టి టేపు బాగా చుట్టి, దాని మీద నాలుగు పాయల పొర ఒకటి, దాని మీద ఎనిమిది పాయల పై పొర. ప్రతి పొర అయ్యాక నేల మీద పెట్టి, మీద పీట బోర్లించి, అరచేతుల బరువుతో అటూ ఇటూ దొర్లించండి. మా అమ్మ కూర్చునే పీటే నా పనిముట్టు. దొర్లించాక పాయలు ఒకదాన్నొకటి సర్దుకుని కొరడా గుండ్రంగా వస్తుంది.

తాడు గురించి. అసలైన 550 రకం నైలాన్‌దే కొనండి, 550 పౌండ్లు, అంటే సుమారు 250 కిలోలు, ఆపే తాడు కాబట్టి ఆ పేరు. కోసి చూస్తే లోపల ఏడు పోగులు ఉండాలి. పాలిస్టర్ తాడుని పారాకార్డ్ అని అమ్మేవాళ్లు ఉన్నారు, నాకు ఒక చుట్ట అలాగే వచ్చింది. నైలాన్ మొదటిసారి తడిస్తే కాస్త కుదించుకుంటుంది, అందుకని కోసే ముందే వేడినీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టుకోండి. ఆరడుగుల కొరడాకి 30 మీటర్ల చుట్టలు రెండు నాకు సరిపోతాయి. మొదటిసారి కాబట్టి పై పొర పొడవు పాయల్ని కొరడాకి రెండింతలు కోసుకోండి, మిగిలితే మిగిలింది, చాలకపోతే మాత్రం అతుకే దిక్కు.

చివర రెండడుగుల ఒంటి తాడు, దానికి పేనిన దారం కొస. మా తాత చెర్నాకోల కొసకి జనపనార పేనేవాడు, నేను వల నైలాన్ దారం వాడతాను, పద్ధతి ఒకటే. నాలుగు పోగులు కలిపి ఒకవైపుకి బాగా మెలి తిప్పి, మధ్యకి మడిచి వదిలితే దానంతటదే ఎదురు మెలి పడుతుంది, కింద ముడి, ముడి కింద అంగుళం కుచ్చు. కుచ్చు అరిగేకొద్దీ మోత మందగిస్తుంది, అది కొరడా తప్పనుకుని నేను ఒకదాన్ని విప్పబోయాను. కొస మార్చండి చాలు.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఇది గాల్లో మోగించడానికే. ఎద్దు మీదా కుక్క మీదా వాడకూడదు, జంతువుల్ని కొట్టి హింసించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మా తాత కూడా బండి మీద కూర్చుని గాల్లోనే చెళ్లుమనిపించేవాడు, గిత్తలు ఆ చప్పుడుకే అడుగు వేసేవి. మొదటి రోజుల్లో కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా, టోపీ లేకుండా విసరకండి, చుట్టూ పిల్లలు లేకుండా చూసుకోండి, ఆరడుగుల కొరడా అయితే మీ చెయ్యీ కొసా కలిపి పది అడుగులకి పైగా తిరుగుతుంది.

నాలుగు పాయల ముక్కలు అల్లాక ఆఖరిదాన్ని పొడవునా తోసి చూసి, విచ్చుకున్న చోట దగ్గరగా ఫోటో తీసి పెట్టండి, ఏ చెయ్యి వదులు పడుతోందో చూసి చెబుతాను.