కెమెరా కోసం ఫైర్‌వాల్ ఆపేస్తారా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు. పాత కనెక్షన్ ఉన్నప్పుడు హైదరాబాద్‌లో ఉన్నా ఫోన్‌లో మిల్లు కెమెరాలు చూసుకునేవాణ్ని. ఫైబర్ పెట్టించాక బయటి నుంచి ఓపెన్ కావట్లేదు, పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా అంతే. మొన్న ఒకతను వచ్చి రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆఫ్ చేశాడు. ఇప్పుడు బాగానే వస్తోంది. అలాగే ఉంచొచ్చా సార్?

జవాబు: వద్దండీ. ఫైర్‌వాల్ అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే కాపలా. ముందు దాన్ని ఆన్ చేసి రండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి వైపు నుంచి కూడా ఇదే గోడు వస్తోంది. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే ఆపరేటర్ మీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే మీకంటూ సొంత పబ్లిక్ అడ్రస్ లేనట్టే, ఒకే అడ్రస్‌ను ఆపరేటర్ చాలామందికి పంచుతున్నాడు. పాత ఇంటర్నెట్ అడ్రస్ పద్ధతి ఐపీవీ4లో ఉన్నవే సుమారు 430 కోట్ల అడ్రస్‌లు, ప్రపంచ నిల్వలో చివరి బ్లాకులు 2011 ఫిబ్రవరిలోనే పంచేశారు. కాబట్టి మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు (బయటి కనెక్షన్ లోపలికి వచ్చే ద్వారాలు) తెరిచినా, బయటి నుంచి వచ్చే కనెక్షన్ ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది.

కొత్త పద్ధతి ఐపీవీ6లో ఆ కరువు లేదు. మీ డీవీఆర్‌కు (కెమెరాల రికార్డింగ్ పెట్టెకు) బయటి నుంచి నేరుగా చేరగల సొంత అడ్రస్ వచ్చింది, అందుకే కెమెరా కనబడుతోంది. కానీ అలాంటి అడ్రస్ బిల్లింగ్ కంప్యూటర్‌కూ వచ్చింది, ప్రింటర్‌కూ వచ్చింది, ఆఫీసు వైఫైకి తగిలిన ప్రతి ఫోన్‌కూ వచ్చింది. పాత పద్ధతిలో ఇవన్నీ ఒకే అడ్రస్ వెనక ఉండేవి, బయటివాళ్లకు నేరుగా దొరికేవి కావు. ఇప్పుడు ఆ పని చేయాల్సింది ఫైర్‌వాల్ ఒక్కటే, దాన్నే ఆపేశారు.

'అన్ని అడ్రస్‌లలో మనది ఎవడు కనిపెడతాడు' అని టెక్నీషియన్లు ధీమాగా చెప్తుంటారు. నిజమే, మీ ఒక్క మిల్లు నెట్‌వర్క్‌లో పట్టే అడ్రస్‌లు మొత్తం ఐపీవీ4కు 430 కోట్ల రెట్లు. అయితే చాలా చవక పరికరాలు తమ హార్డ్‌వేర్ నంబరునే అడ్రస్‌లో పెట్టేసుకుంటాయి, మధ్యలో ఎఫ్ఎఫ్:ఎఫ్ఈ అని కనిపిస్తుంది చూడండి. అందులో కంపెనీ కోడ్ కూడా ఉంటుంది కాబట్టి వెతకాల్సిన జాగా బాగా తగ్గిపోతుంది. పైగా మీ పరికరం ఏ సర్వర్‌తో మాట్లాడినా తన అడ్రస్ చెప్పకుండా మాట్లాడలేదు. ఇక పాస్‌వర్డ్ ఫ్యాక్టరీలో పెట్టిందే ఉందనుకోండి... 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల్లో పట్టేసుకుంది, దాని చేతిలో ఉన్నది 60కి పైగా డిఫాల్ట్ పాస్‌వర్డ్‌ల జాబితా, అంతే. సీజన్‌లో ధాన్యం లెక్కలు, బ్యాంకు లావాదేవీలు నడిచే కంప్యూటర్ ఆ డీవీఆర్ పక్కనే, అదే నెట్‌వర్క్‌లో ఉంటుంది. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

ఇందులో కోపమంతా మీ మీద కాదు. ఐపీవీ6 ప్రమాణం 1998లో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఆప్షనే లేని కెమెరాలు అమ్మడం, ఫైర్‌వాల్‌ను మొత్తం ఆన్ లేదా మొత్తం ఆఫ్ అని ఒకే మీటతో వదిలేసే రౌటర్లు ఇవ్వడం పచ్చి నిర్లక్ష్యం. ఒక్క పరికరానికి, ఒక్క పోర్టుకు అనుమతి ఇచ్చే వీలు లేని రౌటర్‌ను ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దంటాను. మరికొందరు టెక్నీషియన్లు ఏ సమస్యకైనా ఐపీవీ6 తీసేసి పోతారు, అదీ మందు కాదు.

మీరు చేయాల్సింది: రౌటర్‌లో వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (మీ ఫోన్‌కు, మిల్లుకు మధ్య తాళం వేసిన సొంత దారి) పెట్టించి, ఆ ఒక్క పోర్టే తెరిపించండి, కెమెరాలు దాని గుండానే చూడండి. ఆపరేటర్ ఇచ్చే ఐపీవీ6 అడ్రస్ రౌటర్ రీస్టార్ట్ అయినప్పుడు మారుతుంటే డైనమిక్ డీఎన్ఎస్ (మారే అడ్రస్‌కు మారని పేరు ఇచ్చే సేవ) కూడా కావాలి. డైనమిక్ డీఎన్ఎస్ పెట్టేవాళ్లు దొరక్కపోతే డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత అడ్రస్) తీసుకున్నా, వీపీఎన్ మాత్రం వదలొద్దు. డీవీఆర్ పాస్‌వర్డ్ ఇవాళే మార్చండి. పని అయ్యాక ఫోన్‌లో వైఫై, వీపీఎన్ రెండూ ఆపి, మొబైల్ డేటా మీద డీవీఆర్ ఐపీవీ6 అడ్రస్‌ను [ ] బ్రాకెట్ల మధ్య పెట్టి బ్రౌజర్‌లో కొట్టి చూడండి. లాగిన్ పేజీ వచ్చిందంటే తలుపు ఇంకా తెరిచే ఉన్నట్టు, ఈ పని చేసిన టెక్నీషియన్‌ను మళ్లీ పిలవండి.