గోరు జారిందా, ఆగిందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కారు మీద పడ్డ గీతల గురించే. పాతికేళ్ళు పెయింట్ షెడ్డులో పనిచేసినవాణ్ణి కాబట్టి ఒక్కో ఉత్తరం చదువుతుంటే ఆ గీత కళ్ళముందు కనిపించింది. ఇంట్లో చేసుకోగలిగింది ఏదో, చెయ్యి పెట్టకూడనిది ఏదో ఉన్నదున్నట్టు చెబుతాను.

ప్రశ్న: కారు కొని ఐదు నెలలు కూడా కాలేదు. పక్కన నిలబెట్టిన సైకిల్ ఒరిగి వెనక డోరు మీద జానెడు గీత పడింది. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటోంది. టూత్‌పేస్ట్ పెట్టి రుద్దితే పోతుందని మా బావగారు అంటున్నారు. రుద్దమంటారా?

వద్దమ్మా. ముందు డోరు కడగండి. దుమ్ము ఉండగా ఏం పెట్టి రుద్దినా ఆ దుమ్మే గరుకు కాగితంలా పనిచేసి ఒక గీతను వంద చేస్తుంది. కార్ షాంపూ కలిపిన నీళ్ళతో కడిగి, ఆరాక, గీత మీద కాసిని నీళ్ళు చిలకరించి చూడండి. తడి ఉన్నంతసేపు గీత మాయమై, ఆరగానే మళ్ళీ తేలితే సంతోషించండి, అది చాలావరకు పైపొరలోనే ఉంది. తర్వాత చూపుడు వేలి గోటిని గీతకు అడ్డంగా, బరువు వేయకుండా జరపండి. గోరు జారిపోతే ఇంట్లో పోయే గీత. గోరు టక్కున ఆగితే లోతుగా దిగిన గీత. నాకు పని నేర్పిన పెద్దాయన ఏ బండి వచ్చినా ముందు కళ్ళు మూసుకుని గోటితోనే చూసేవారు. ఇప్పటికీ నాకు అంతకంటే నమ్మకమైన పరీక్ష తెలియదు.

టూత్‌పేస్ట్ సంగతి చెప్పేముందు, మీరు దేన్ని రుద్దబోతున్నారో తెలియాలి. రేకు మీద తుప్పు రాకుండా ఒక పొర, దానిపైన రంగు గట్టిగా పట్టుకునేందుకు వేసే ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికంటే పైన గాజులా ఉండే క్లియర్ కోటు. ఇవన్నీ కలిపినా చాలా కార్లలో 100 నుంచి 140 మైక్రాన్లు ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, మీ కారు పెయింటు మొత్తం రెండు వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. అందులో క్లియర్ కోటు వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. రంగును ఎండ నుంచి కాపాడేది ఆ పొరే.

గీత పోగొట్టడం అంటే చాలామంది దాన్ని పూడ్చడం అనుకుంటారు. కాదు. గీత చుట్టూ ఉన్న క్లియర్ కోటును గీత అడుగు దాకా అరగదీసి సమం చేయడం. అరిగింది మళ్ళీ రాదు. అందుకే ఎంత తక్కువ రుద్ది పని పూర్తి చేస్తే అంత మంచి పనివాడు అంటాను.

ఇక టూత్‌పేస్ట్. పళ్ళ మీది గార తీయడానికి అందులో సిలికా, కాల్షియం కార్బొనేట్ లాంటి సన్నటి నలుసులు వేస్తారు. అవి పెయింటునూ కాస్త అరగదీస్తాయి కాబట్టి వెంట్రుకంత గీత తగ్గినట్టు కనిపిస్తుంది. మీ బావగారు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఏ పేస్ట్‌లో నలుసు ఎంత గరుకో మనకు తెలియదు, రుద్దిన చోట తరచూ మసక మిగులుతుంది. పెయింటు కోసమే తయారైన పాలిష్‌లలో నలుసుల గరుకుదనాన్ని లెక్కచూసి వేస్తారు. చాలావాటిలో రుద్దేకొద్దీ ఆ నలుసులు చితికి ఇంకా సన్నబడతాయి, చివర్లో మెరుపు తేలేది అందుకే. కొత్త కారు మీద ప్రయోగం ఎందుకు, పాలిష్ డబ్బానే తెచ్చుకోండి.

కారును నీడలో పెట్టండి. రేకు చేతికి చల్లగా తగలాలి. ఎండకు కాలిన డోరు మీద పాలిష్ వేసిన నిమిషానికే ఎండిపోయి పెచ్చు కడుతుంది. గీత చుట్టూ రెండు అరచేతులంత చోటు వదిలి, డోరు అంచుకు, రబ్బరుకు, హ్యాండిల్‌కు మాస్కింగ్ టేపు అంటించండి. మైక్రోఫైబర్ గుడ్డను నాలుగు మడతలు వేసి, దాని మీద చిటికెన వేలి గోరంత పాలిష్ తీసుకోండి. ముందు సన్నరకం పాలిష్‌తోనే మొదలుపెట్టండి, అంతకంటే గరుకైన రబ్బింగ్ కాంపౌండ్‌తో కాదు. గీతకు అటూ ఇటూ కలిపి ముందుకూ వెనక్కూ ఒక ఇరవైసార్లు, తర్వాత పైకీ కిందికీ ఇరవైసార్లు. వేళ్ళ కొనలతో నొక్కకండి, అరచెయ్యి మొత్తం ఆనించండి. వేలితో నొక్కితే అక్కడ గుంటలా అరుగుతుంది, ఎండలో చూస్తే ఆ వేలి జాడ కనిపిస్తుంది.

శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చ్‌ను డోరుకు ఏటవాలుగా పట్టి చూడండి. రెండు మూడు విడతల తర్వాత కూడా తగ్గకపోతే అప్పుడు కాంపౌండ్, దాని వెనకే మళ్ళీ పాలిష్. కాంపౌండ్ దగ్గరే ఆపేస్తే ఆ చోటు తెల్లగా మసకబారి ఉంటుంది. ఇద్దరు పాఠకులు అడిగిన ‘గీత పోయింది, మచ్చ వచ్చింది’ అనేది చాలాసార్లు ఇదే, సన్నరకం పాలిష్‌తో ఇంకో విడత రుద్దితే పోతుంది. తుడిచిన గుడ్డకు కారు రంగు అంటుకుంటే మాత్రం అక్కడికక్కడ ఆపేయాలి. క్లియర్ కోటు లేని పాతకాలం పెయింటుకైతే అది మామూలే, మీ కొత్త కారుకు అయితే పైపొర దాటిపోయినట్టు.

గీత ముప్పావు వంతు తగ్గి, వెతికితే తప్ప కనబడని స్థితికి వచ్చాక దాని వెంట పడకండి. పైన వ్యాక్స్ పూసి వదిలేయండి. మిగిలిన కాస్తా వ్యాక్స్ కింద ఇంకా మరుగున పడుతుంది. వ్యాక్స్ గీతను తీయదు, నింపుతుంది, కాపాడుతుంది. కొన్నిరకాల నూనె స్ప్రేలు కొట్టగానే గీత పోయిందని మురిసిపోయేది కూడా అందుకే, గీతలో నూనె నిండి వెలుగు సరిగ్గా పడుతుంది. కడిగేసరికి తిరిగి వస్తుంది.

ప్రశ్న: రివర్స్ చేస్తూ స్తంభానికి రాసేశాను. మా ఎర్ర కారు వెనక బంపర్ మీద అరచెయ్యంత మేర తెల్ల చారలు. కొత్త బంపర్ వేయించాలా?

తొందరపడకండి. ఆ తెలుపులో ఎక్కువ భాగం స్తంభానికి వేసిన రంగే అయి ఉంటుంది, మీ బంపర్ మీద ఎక్కి కూర్చుంది. కడిగాక, గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (ఇట్టే ఆరిపోయే స్పిరిట్ లాంటిది) తడిపి మెల్లగా తుడవండి. మొండికేస్తే పైన చెప్పిన పాలిష్. థిన్నర్ జోలికి మాత్రం వెళ్ళకండి, అది స్తంభం రంగుతో పాటు మీ రంగునూ మెత్తబరుస్తుంది. అంతా తుడిచాక మిగిలేది రెండు మూడు సన్నగీతలే కావచ్చు. ఎక్కడైనా నల్లగా కనిపిస్తే అది బంపర్ ప్లాస్టిక్. ప్లాస్టిక్‌కు తుప్పు పట్టదు కాబట్టి టెన్షన్ లేదు, తీరిక చూసుకుని టచప్ పెట్టుకోవచ్చు.

ప్రశ్న: నాది నల్ల కారు. రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో తుడుస్తాను, రాత్రి కవర్ కప్పుతాను. ఇంత శ్రద్ధగా చూసుకుంటున్నా ఎండలో బానెట్ నిండా సాలెగూడులా గుండ్రటి గీతలు. ఎవరైనా కావాలని గీశారా?

ఎవరూ గీయలేదండీ. మీరు శ్రద్ధగా చేస్తున్న ఆ రెండు పనుల వల్లే పడుతున్నాయని చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది. రాత్రి పడిన దుమ్ములో ఇసుక నలుసులు ఉంటాయి. పొడిగుడ్డతో తుడిచినప్పుడు అవి గుడ్డకూ పెయింటుకూ మధ్య నలిగి గీసుకుంటూ పోతాయి. కవర్ కూడా అంతే. దుమ్ము మీదే కప్పితే గాలికి ఆ కవర్ రాత్రంతా ఆడుతూ అదే నలుసుల్ని రుద్దుతుంది.

గుండ్రంగా కనిపిస్తున్నాయన్నారు కదా, నిజానికి అవి గుండ్రటివి కావు. అన్ని దిక్కులకూ పడిన వేల సన్నగీతలు. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ, వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి, అందుకే వలయాలు కట్టినట్టు ఉంటుంది. నమ్మకం కుదరకపోతే మీరు పక్కకు రెండడుగులు వేయండి, సాలెగూడు కూడా మీతో పాటే జరుగుతుంది. తెల్ల కారుకూ ఇవి పడతాయి, తెలుపు మీద కనబడవు అంతే.

రేపటి నుంచి పొడిగుడ్డ మానేయండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, రెండోదాంట్లో మామూలు నీళ్ళు. ముందు పైపుతో దుమ్ము జారిపోయేలా తడిపి, షాంపూ గుడ్డతో పైనుంచి కిందికి కడుగుతూ, ప్రతి రేకు తర్వాత గుడ్డను మామూలు నీళ్ళ బకెట్‌లో జాడించి మళ్ళీ షాంపూలో ముంచాలి. చివర్లో ఆ జాడించిన బకెట్ అడుగున చెయ్యి పెట్టి చూడండి, ఇసుక వేళ్ళకు తగులుతుంది. అదంతా మీ బానెట్ మీద తిరగాల్సిన ఇసుక. గుడ్డ కింద పడితే దాన్ని మళ్ళీ కారుకు తాకించవద్దు. కవర్ కావాలంటే కడిగి ఆరిన కారు మీదే, అదీ గాలికి ఆడకుండా బిగుతుగా పట్టేది.

ఇప్పటికే పడిన గీతల కోసం కారంతా చేత్తో రుద్దడం భుజాలకు శిక్ష, పైగా ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. డ్యూయల్ యాక్షన్ పాలిషర్ (మెత్తను తిప్పుతూనే అటూ ఇటూ ఊపే పాలిష్ మెషిన్) నడపడం తెలిసినవాళ్ళతో ఒకసారి చేయించుకోండి. ముందు అలవాటు మార్చి, తర్వాతే చేయించండి. లేదంటే ఆర్నెల్లకు మళ్ళీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది, ప్రతిసారీ క్లియర్ కోటు కొంచెం కొంచెం తరుగుతుంది.

ప్రశ్న: ముందు వెళ్తున్న లారీ నుంచి రాయి ఎగిరి బానెట్ మీద పెచ్చు లేచింది. లోపల రేకు కనిపిస్తోంది, అంచున గోధుమ రంగు మొదలైంది. నెయిల్ పాలిష్ వేస్తే చాలని ఆఫీసులో అంటున్నారు.

మీది మాత్రం తొందరగా చూడాల్సిన కేసు. ఆ గోధుమ రంగు తుప్పు. తుప్పు పైకి కనిపించేదానికంటే పెయింటు కింద పక్కలకు ఎక్కువ పాకుతుంది, పాకినచోట పెయింటు పొంగి ఊడిపోతుంది. నెయిల్ పాలిష్ ఎండకూ వానకూ నిలిచే రంగు కాదు, తుప్పు మీదే మూత పెట్టినట్టు అవుతుంది.

కారు రంగు కోడ్ డోరు పక్క చట్రం మీదో బానెట్ కిందో అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. ‘తెలుపు’ అని అడిగి తెచ్చుకోకండి, తెలుపుల్లోనే ఎన్నో రకాలు. ఆ కోడ్‌కు టచప్ పెయింటు, చిన్న ప్రైమర్, క్లియర్ కోటు తెచ్చుకోండి. గరుకు కాగితాన్ని పెన్సిల్ మొనంత చుట్టి, తుప్పు ఉన్న మేరకే, మెరిసే రేకు కనిపించేదాకా గీకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సన్నటి పుల్ల మొనతో ప్రైమర్ చుక్క పెట్టండి. డబ్బాలో ఇచ్చే బ్రష్ ఇంత చిన్న పెచ్చుకు మరీ లావు. ప్రైమర్ ఆరాక రంగు, ఒకేసారి నింపకుండా రెండు మూడు పల్చటి పూతలుగా, ప్రతి పూతా ఆరనిచ్చి. చివర క్లియర్ కోటు. ఆరే సమయాలు డబ్బా మీద ఉంటాయి, వాటికంటే ముందు తొందరపడితే పైన గట్టిపడి లోపల మెత్తగా ఉండిపోతుంది. వ్యాక్స్ నెల తర్వాత.

దగ్గరికి వెళ్ళి చూస్తే చుక్క తెలుస్తుంది. మెటాలిక్ రంగైతే ఇంకొంచెం తెలుస్తుంది, ఎందుకంటే స్ప్రే కొట్టినప్పుడు అల్యూమినియం రేణువులు పరుచుకున్నట్టు పుల్లతో పెట్టినప్పుడు పరుచుకోవు. అయినా ఫర్వాలేదు. మీరు చేసింది అందం కోసం కాదు, రేకు కోసం.

ప్రశ్న: డోరు గీతకు గోరు కొంచెం ఆగుతోంది. 2000 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్ళతో తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం) రుద్ది పాలిష్ చేస్తే పోతుందని వీడియోలో చూశాను. ఇంట్లో చేయొచ్చా?

ఆ పద్ధతి నిజమే, షెడ్డుల్లో రోజూ చేస్తాం. కానీ మందం కొలిచే మీటరు పెట్టుకుని చేస్తాం. నేను పని నేర్చుకుంటున్న రెండో ఏడు, ఇలాంటి గీతే, అచ్చం డోరు మీదే. కాగితం నీళ్ళలో నానబెట్టాను, సబ్బునీళ్ళు పోస్తూనే ఉన్నాను, అన్నీ పద్ధతి ప్రకారమే. గీత డోరు మధ్య ఉన్న మడత దాకా వెళ్ళింది, ఆ మడత మీద కూడా మిగతాచోట రుద్దినంతే రుద్దాను. మడతల మీదా అంచుల మీదా పెయింటు పల్చగా ఉంటుంది, రుద్దే బరువంతా అక్కడే పడుతుంది. పాల రంగులో కారుతున్న నీళ్ళు నాలుగు రుద్దుల్లో నీలంగా మారాయి. కారు నీలం. డోరు మొత్తం మళ్ళీ పెయింటు వేయాల్సి వచ్చింది, ఆ కారు ఆయన సాయంత్రం వచ్చి నిలబడి చూసిన చూపు నాకింకా గుర్తుంది.

అందుకే మీకు చెప్పేది ఇది. గోరు ఆగే గీతను వాటర్ పేపర్‌తో ఇంట్లో తీయకండి. పాలిష్‌తో గీత అంచులు మొద్దుబారేలా రెండు విడతలు రుద్దండి. అంచుల పదును పోతే వెలుగు దానిమీద అంతగా మెరవదు, గీత సగం కనబడటం మానేస్తుంది. అప్పటికీ మనసొప్పకపోతే మీటరు ఉన్న షెడ్డుకు తీసుకెళ్ళి, ముట్టుకోకముందే మందం కొలిచి చూపించమని అడగండి.